విందు వాళ్ళది, విస్తళ్ళు ఎత్తేది మనమా?

ఏటా కార్తీక మాసం వచ్చేసరికి పేపర్లో ఒక ఫొటో పడుతుంది. పొడవాటి బల్ల, దాని మీద దేశాల పేర్లు, చెవులకు యంత్రాలు తగిలించుకుని కూర్చున్న పెద్దమనుషులు. కింద ‘వాతావరణ సదస్సులో ప్రతిష్టంభన’ అనో, ‘చివరి క్షణంలో రాజీ’ అనో రెండు ముక్కలు. మనం ఆ పేజీ తిప్పేసి బంగారం ధర ఎంతుందో చూసుకుంటాం. ‘ఆ గొడవలు మనకెందుకులే!’ అనుకుంటాం.

నేను ఉద్యోగం చేసేది బషీర్‌బాగ్‌లో, ఉండేది అశోక్‌నగర్‌లో. హుస్సేన్‌సాగర్‌లో ఎక్కువైన నీటిని మూసీకి మోసుకుపోయే నాలా మా పేట మీదుగానే దోమలగూడ, హిమాయత్‌నగర్ వైపు పోతుంది. ఆ నాలా పక్కన కాపురాలున్న ఆడవాళ్ళకీ, ఆ పొడవాటి బల్లకీ సంబంధం ఉందని చెప్పడానికే ఈ నాలుగు మాటలు. అర్థంకాని శాస్త్రం ఇందులో ఏమీ లేదు. అప్పులూ వాటాలూ పంపకాలూ అలకలూ బుజ్జగింపులూ... ఇవన్నీ మనకు తెలియని విద్యలా?

ఒక అపార్ట్‌మెంటు బోరు కథ

ఒక అపార్ట్‌మెంటు ఉందనుకోండి. కింది అంతస్తులోని నాలుగు ఫ్లాట్లవాళ్ళు అందరికన్నా ముందు వచ్చారు. ఇరవై ఏళ్ళపాటు రోజూ కార్లు కడిగారు, తోటలు పెంచారు, మోటారు ఆపకుండా నీళ్ళు తోడారు. పై అంతస్తుల్లోకి జనం వచ్చేసరికి బోరు ఎండిపోయింది. అప్పుడు కిందివాళ్ళు మీటింగు పెట్టి, ‘ఇవాళ్టినుంచి అందరం సమానంగా పొదుపు చేద్దాం, కొత్త బోరు ఖర్చు తలా ఇంత వేసుకుందాం’ అన్నారు. మీరు ఒప్పుకుంటారా? ‘తోడింది మీరు, బిందెలు పట్టుకుని నిలబడింది మేము. ముందు మీ లెక్క తేల్చండి’ అనరూ?

మూడు దశాబ్దాలుగా వాతావరణ సదస్సుల్లో జరుగుతున్న రభస ఇదే. బొగ్గూ పెట్రోలూ కాల్చినప్పుడు వచ్చే బొగ్గుపులుసు వాయువు ఆకాశంలోకి పోయి మాయమైపోదు. అందులో చాలా భాగం వందల ఏళ్ళు అక్కడే ఉండి, భూమి వేడిని బయటికి పోనివ్వకుండా దుప్పటిలా కప్పుతుంది. అంటే ఇవాళ్టి వేడికి నిన్నటి పొగ కూడా కారణమే. 1850 నుంచి ప్రపంచమంతా కాల్చిన బొగ్గు, చమురు, గ్యాసు పొగలో దాదాపు నాలుగో వంతు ఒక్క అమెరికాదే. ప్రపంచ జనాభాలో ఆరో వంతు ఉన్న మన వాటా అందులో నూటికి నాలుగు వంతుల లోపే.

మరి ఇవాళ్టి సంగతి? దేశం మొత్తంగా ఏటా వదిలే పొగలో చైనా, అమెరికాల తర్వాత మూడో స్థానం మనదే. తలకింత అని లెక్కేస్తే మాత్రం ఒక భారతీయుడి వాటా ఏడాదికి సుమారు రెండు టన్నులు. ఒక అమెరికన్‌ది సుమారు పద్నాలుగు టన్నులు. రెండూ నిజమైన లెక్కలే. ఎవరికి కావలసిన లెక్క వాళ్ళు చదువుతారు. అమెరికా ‘మూడో స్థానం’ గురించి మాట్లాడుతుంది, మనం ‘తలకింత’ గురించి మాట్లాడతాం. ఏ లెక్క పుస్తకం బల్ల మీద పెట్టాలన్న దగ్గరే సగం తగాదా.

వరి మడి మీద నింద

ఈ లెక్కల్లో ఎంత గడుసుతనం ఉంటుందో చూడండి. 1990లో వాషింగ్టన్‌లోని ఒక పరిశోధన సంస్థ, భూమిని వేడెక్కిస్తున్న దేశాల జాబితా వేసి ఇండియానీ చైనానీ ముందు వరసలో నిలబెట్టింది. ఎలాగంటే, మన వరి పొలాల్లో నిలిచిన నీళ్ళనుంచీ, మన ఆవులూ గేదెల పొట్టలనుంచీ వచ్చే మీథేన్ వాయువుని కూడా కలిపి కూడింది!

దానికి మరుసటి ఏడాది, 1991లో, ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ నుంచి అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ గట్టి జవాబు రాశారు. పొట్టకూటి కోసం పండించే వరి నుంచి వచ్చే వాయువుని, సరదా కోసం నడిపే రెండో కారు పొగతో ఒకే తక్కెడలో వేస్తారా అని వాళ్ళ ప్రశ్న. బతకడానికి వదిలే పొగ వేరు, విలాసానికి వదిలే పొగ వేరు. గోదావరి, కృష్ణా డెల్టాల అన్నం తినే మనకి ఈ తేడా ఒకరు చెప్పాలా?

ఈ వాదనకి అంతకుముందే పునాది పడింది. 1972లో స్టాక్‌హోమ్‌లో పర్యావరణం మీద ఐక్యరాజ్యసమితి జరిపిన తొలి పెద్ద సదస్సుకి ఆతిథ్యమిచ్చిన స్వీడన్ ప్రధాని కాక, బయటి దేశం నుంచి వచ్చిన ప్రధాని ఇందిరాగాంధీ ఒక్కరే. పేదరికం సంగతి వదిలేసి పర్యావరణం గురించి మాట్లాడలేమని ఆమె అక్కడ తేల్చి చెప్పారు.

ఫ్రిజ్ దగ్గర గెలిచాం

‘ఇలా వాదులాడుకోవడమేగానీ ఏనాడైనా పని జరిగిందా?’ అంటారేమో. జరిగింది. మన వంటింట్లోని ఫ్రిజ్ అందుకు సాక్ష్యం.

వెనకటి ఫ్రిజ్‌లలో, ఏసీల్లో వాడిన వాయువులు ఆకాశంలో ఓజోన్ పొరకి చిల్లు పెడుతున్నాయని తేలాక 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. ఇండియా వెంటనే సంతకం పెట్టలేదు. 1990 జూన్‌లో లండన్‌లో మళ్ళీ చర్చలు జరిగినప్పుడు మన దేశం తరఫున బల్ల ముందు కూర్చున్నది పర్యావరణ మంత్రి మేనకాగాంధీ. చిల్లు పెట్టింది మేము కాదు, కొత్త వాయువులకి మారాలంటే డబ్బూ సాంకేతిక విద్యా ఇవ్వాల్సిందేనని చైనాతో కలిసి పట్టుబట్టారు. చివరికి ధనిక దేశాలు దిగివచ్చి ప్రత్యేక నిధి ఏర్పాటు చేశాయి. 1992లో మనం ఒప్పందంలో చేరాం. ఇవాళ ఆ ఓజోన్ పొర మెల్లగా మానుతోంది.

అడగవలసిన చోట అడిగితే, ఇవ్వవలసినవాళ్ళు ఇస్తే, పని జరుగుతుంది. భూతాపం విషయంలో అంత తొందరగా ఎందుకు జరగలేదంటే, అక్కడ మార్చవలసింది ఫ్రిజ్‌లో వాయువు ఒక్కటే కాదు. కారు, కరెంటు, ఫ్యాక్టరీ, మొత్తం సంసారమే మార్చాలి.

అలిగిన అల్లుడు

1992 జూన్‌లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో దేశాలు చేరి వాతావరణ ఒడంబడిక మీద సంతకాలు పెట్టాయి. బాధ్యత అందరిదీ, కాని అందరిదీ ఒకే మోతాదు కాదు అన్నది అందులో ముఖ్యమైన మాట. ఈ ఒక్క వాక్యం కోసమే మనవాళ్ళు ఇన్నేళ్ళుగా కోటకి కాపలా కాసినట్టు కాస్తున్నారు.

1997లో జపాన్‌లోని క్యోటోలో ఆ మాటకి అంకెలు తొడిగారు. ధనిక దేశాలు 1990 నాటికన్నా సగటున 5 శాతం పొగ తగ్గించాలి, పేద దేశాలకి ఇంకా లక్ష్యాలు లేవు. అయితే ఆ ఏడాది జూలైలోనే అమెరికా సెనేట్ 95 ఓట్లతో, ఎదురు ఒక్క ఓటు కూడా లేకుండా, పేద దేశాలకి కూడా లక్ష్యాలు పెట్టని ఒప్పందానికి ఒప్పుకోవద్దని తీర్మానం చేసి కూర్చుంది. అమెరికాని బుజ్జగించడానికి క్యోటోలో ఎన్నో సడలింపులు ఇచ్చారు. తీరా 2001లో అధ్యక్షుడు జార్జి బుష్ ఆ ఒప్పందం తమకి వద్దన్నాడు. పెళ్ళిలో అలిగిన అల్లుడికి స్కూటర్ ఇస్తే, అది తీసుకుని కూడా పీటల మీదనుంచి లేచిపోయినట్టయింది! 2016లో పారిస్ ఒప్పందంలో చేరడం, 2017లో వెళ్ళిపోతామనడం, 2021లో తిరిగి రావడం, 2025 జనవరిలో మళ్ళీ వెళ్ళిపోతామనడం... ఆ అలక మనకి కొత్తేమీ కాదు.

51 టన్నుల కానుగ నూనె

ఈ పెద్దల బేరంలో మన ఆడవాళ్ళు కూడా ఒకసారి భాగస్వాములయ్యారని మీకు తెలుసా? ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా అడవుల్లో పవర్‌గూడ అని గోండుల చిన్న గూడెం ఉంది. అక్కడి మహిళా పొదుపు సంఘాలవాళ్ళు అడవిలో కానుగ కాయలు ఏరి, ఐ.టి.డి.ఎ. ఇప్పించిన గానుగలో నూనె తీయడం మొదలుపెట్టారు. కానుగ మొక్కలు కూడా నాటారు. ఆ నూనెని డీజిల్ బదులు వాడొచ్చు. డీజిల్ కాల్చకుండా మిగిలినంత పొగ ఆకాశానికి మిగిలినట్టే కదా! హైదరాబాద్ శివార్లలోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఈ పనిలో తోడు నిలిచారు.

2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు వాషింగ్టన్‌లో ఒక అంతర్జాతీయ సమావేశం పెట్టింది. దానికి వచ్చిన అతిథుల విమాన ప్రయాణాలకి బోలెడు పొగ. ఆ పొగకి ప్రాయశ్చిత్తంగా పవర్‌గూడ మహిళల దగ్గర 147 టన్నుల పొగ తగ్గింపుని కొన్నది. పదేళ్ళలో వాళ్ళు తీయబోయే 51 టన్నుల కానుగ నూనె మీద కట్టిన లెక్క అది. ఇచ్చిన సొమ్ము 645 డాలర్లు, అప్పటి లెక్కలో సుమారు 30 వేల రూపాయలు.

అప్పట్లో ఇది గొప్ప వార్త. అడవిలో కాయలేరుకునే ఆడవాళ్ళ కష్టానికి వాషింగ్టన్ నుంచి చెక్కు రావడం నిజంగా గొప్పే. వాళ్ళ నైపుణ్యాన్నీ, సంఘం కట్టుబాటునీ ఎంత మెచ్చుకున్నా తక్కువే. కాని ఒకసారి పప్పుల లెక్కలాగా వేసి చూడండి. ఆ రోజుల్లో ఒక సగటు అమెరికన్ ఏడాదికి వదిలే పొగ సుమారు 20 టన్నులు. అంటే ఒక గూడెం ఆడవాళ్ళు పదేళ్ళు కాయలేరి, ఎండబెట్టి, గానుగ ఆడించి తీసే నూనె, ఏడుగురు అమెరికన్లు ఒక్క ఏడాది బతికిన బతుకుకి సరి! టన్నుకి పడిన ధర 200 రూపాయలు.

క్యోటో ఒప్పందం అధికారికంగా అమలులోకి వచ్చింది 2005 ఫిబ్రవరిలో. పవర్‌గూడ కొనుగోలు దానికి ముందే, దాని బయట, స్వచ్ఛందంగా జరిగింది. అయినా క్యోటో తెచ్చిన ‘కార్బన్ సంత’ అసలు కిటుకు ఈ చిన్న బేరంలో అద్దంలా కనిపిస్తుంది. తన ఇంట్లో తగ్గించుకోవడం ఖరీదు, పేదింట్లో తగ్గించడం చవక. కాబట్టి పేదింట్లో కొను! వెనకటికి ఉపవాసం చెయ్యలేని దొరసాని, దాసీకి నాలుగు డబ్బులిచ్చి ఉపవాసం ఉండమన్నట్టు లేదూ?

అందుకని ఆ డబ్బు తీసుకోకూడదంటానా? అనను. కష్టపడినవాళ్ళకి ప్రతి రూపాయీ రావలసిందే. నేననేది ఒక్కటే: ధర కట్టే బల్ల దగ్గర ఆ కాయలేరిన ఆడవాళ్ళకి కూడా కుర్చీ ఉండాలి కదా!

కుర్చీలో ఆడది కూర్చుంటే

ఆ మాట వచ్చింది కాబట్టి డర్బన్ సంగతి చెప్పాలి. 2011 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో సదస్సు గడువు దాటి రెండు రాత్రులు సాగింది. ఆదివారం తెల్లవారుజామున అంతా చెడిపోయేలా ఉంది. అప్పుడు చర్చని చేతిలో పెట్టుకుని ఉన్నది నలుగురు ఆడవాళ్ళు. అధ్యక్షత వహించింది దక్షిణాఫ్రికా విదేశాంగ మంత్రి మైటే ఎన్‌కోనా-మషబానే. ఒడంబడిక కార్యాలయానికి అధిపతి కోస్టారికాకి చెందిన క్రిస్టియానా ఫిగరెస్. ఐరోపా తరఫున కానీ హెడెగార్డ్. మన దేశం తరఫున, చెన్నై నుంచి వచ్చిన మన పర్యావరణ మంత్రి జయంతీ నటరాజన్.

రేపు రాబోయే ఒప్పందం చట్టంలా అందరినీ కట్టి పడెయ్యాలని ఐరోపా అంది. మా దేశంలో కోట్లమంది పేదల తలరాతని చదవని కాగితం మీద సంతకం పెట్టి ఎలా రాసిమ్మంటారని జయంతీ నటరాజన్ ఎదురు తిరిగారు. సమన్యాయం ఏమైందని నిలదీశారు. అధ్యక్షురాలు ‘మీ ఇద్దరూ ఒక పక్కకి వెళ్ళి మాట్లాడుకు రండి’ అంది. హాలు మధ్యలోనే చుట్టూ జనం మూగగా ఇద్దరూ నిలబడి మాట్లాడుకున్నారు. బ్రెజిల్ ప్రతినిధి సూచించిన ఒక మాట దగ్గర రాజీ కుదిరింది. 2015లో వచ్చిన పారిస్ ఒప్పందానికి దారి పడింది అక్కడే.

ఇది విని మురిసిపోదామంటే 2024 కథ కూడా వినాలి. ఆ ఏడాది అజర్‌బైజాన్‌లోని బాకూలో జరగబోయే సదస్సుకి వేసిన నిర్వాహక సంఘంలో 28 మంది. అందరూ మగవాళ్ళే! ప్రపంచమంతా ముక్కున వేలేసుకున్నాక అప్పుడు 12 మంది ఆడవాళ్ళని చేర్చారు. నీళ్ళు మోసేది ఆడది, కట్టెలు కొట్టేది ఆడది, పొయ్యి పొగ పీల్చేది ఆడది. పొగ గురించి మాట్లాడే సంఘంలో మాత్రం ఆమె గుర్తుకు రావడానికి ఒకరు కసరాల్సి వచ్చింది.

మొదట్నుంచీ పోరాడిన మహిళా సంఘాల పుణ్యమా అని కొంత కదలిక వచ్చిందనుకోండి. 2011లో మహిళల బృందానికి సదస్సుల్లో అధికారిక గుర్తింపు దొరికింది. 2017లో స్త్రీల విషయమై మొదటి కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. 2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలేమ్‌లో కొత్త ప్రణాళికకి ఒప్పుకున్నారు. కాగితం మీదికి ఎక్కాం. ఇక ఖజానాలోకి ఎక్కాలి.

సర్టిఫికెట్టుకి ఎవరిస్తరు పైసలు?

ఇక అసలైన డబ్బు మాట. 2009లో కోపెన్‌హాగన్ సదస్సుకి మన దేశం తరఫున వెళ్ళిన పర్యావరణ మంత్రి జైరాం రమేష్ అప్పట్లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభ సభ్యుడు. ఇండియా, చైనా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా నాయకులు ఒక గదిలో మంతనాలాడుకుంటుంటే అమెరికా అధ్యక్షుడు ఒబామా తనే ఆ గదిలోకి వచ్చి కూర్చున్నాడు. అలా పుట్టిన రాజీలో ఒక హామీ ఉంది. 2020 నాటికి పేద దేశాలకి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూర్చిపెడతామని. ఆ అంకె మొదటిసారి దాటింది 2022లో. రెండేళ్ళు ఆలస్యం. పైగా అందులో ఎక్కువ భాగం సాయం కాదు, అప్పు!

2024లో బాకూలో ఏటా లక్షా 30 వేల కోట్ల డాలర్లు కావాలని పేద దేశాలు అడిగితే, 2035 నాటికి ఏటా 30 వేల కోట్లకి ఒప్పుకున్నారు. మనల్ని మాట్లాడనివ్వకుండానే అధ్యక్షుడు సుత్తి కొట్టేశాడు. తర్వాత లేచిన మన ప్రతినిధి చాందినీ రైనా, ఇది ఒట్టి కనికట్టని ముఖం మీదే చెప్పారు.

పొగ తగ్గించడానికి ఇచ్చేది ఒక పద్దు, ఇప్పటికే జరిగిన నష్టానికి ఇచ్చేది ఇంకో పద్దు. సముద్రం ముంచేసే చిన్న ద్వీపాల తరఫున వనువాటు ఈ రెండో పద్దు గురించి 1991లోనే అడిగింది. ధనిక దేశాలు సరేనన్నది 2022లో, ఈజిప్టులో. అంటే 31 ఏళ్ళకి! 2023లో దుబాయ్‌లో నిధి మొదలైంది. 2025 వరకు వచ్చిన హామీలన్నీ కలిపినా 100 కోట్ల డాలర్లు నిండలేదు.

ఈ నష్టం అంటే ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది సదస్సులో కూర్చున్నవాళ్ళు కాదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ నాలా పక్క బస్తీలో ఉంటుంది. 2020 అక్టోబరు 13న ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన కురిసి నగరమంతా మునిగినప్పుడు వాళ్ళింట్లోకి నడుం లోతు నీళ్ళు వచ్చాయి. బియ్యం, పరుపులు, కుట్టు మిషను, కూతురి పదో తరగతి సర్టిఫికెట్టు... అన్నీ బురదలో. రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన 10 వేల రూపాయలు ఆవిడకి అందాయి.

“పది వేలు మిషిన్‌కు, బియ్యానికే అయిపాయె అక్కా. సర్టిఫికెట్టుకు ఎవరిస్తరు పైసలు? నెల రోజులు పనికి పోకపోతిమి, దానికి ఎవరిస్తరు?” అంది ఆవిడ.

ఆ సర్టిఫికెట్టు లాంటి నష్టానికి సదస్సుల్లో ఒక పెద్ద పేరుంది. ‘ఆర్థికేతర నష్టం’ అంటారు. డబ్బులో కొలవలేని నష్టమన్నమాట. ఆవిడ ఆ పేరు ఎన్నడూ వినలేదు, కాని సంగతి మాత్రం అక్కడివాళ్ళకన్నా సూటిగా చెప్పింది. ఆవిడకి వచ్చిన 10 వేలు మన ఖజానాలోంచే వచ్చాయి. దుప్పటి కప్పినవాళ్ళ జేబులోంచి దమ్మిడీ రాలేదు.

ఆ వానకి కారణం అంతా వాళ్ళే అని నేను అనడం లేదు. మన నగరంలో ముంపు కొత్తదేం కాదు. 1908లో మూసీ వరద ఊరిని ఊడ్చేసింది. 2000 ఆగస్టు 24న 24 సెంటీమీటర్ల వానకి మా నాలా పొంగి అశోక్‌నగర్, దోమలగూడ నీళ్ళపాలయ్యాయి. నాలాలను ఇరుకు చేసింది, చెరువుల్లో ఇళ్ళు కట్టింది మనవాళ్ళే. అయితే గాలి వేడెక్కేకొద్దీ అది ఎక్కువ తేమని మోస్తుందనీ, కురిస్తే కుంభవృష్టిగా కురుస్తుందనీ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఇరుకు నాలా మన పాపం, పెద్ద వాన అందరి పాపం. రెండూ కలిసి పడేది మాత్రం నాలా పక్కనున్న ఆవిడ నెత్తిన.

మన ఇంట్లోనూ అదే రాజకీయం

మా ఆఫీసులో ఒకాయన ఉన్నారు. “మనమెందుకు తగ్గించాలండీ? ముందు అమెరికావాణ్ణి తగ్గించమనండి” అంటారు. ఆయనకి రెండు కార్లు, ఇంట్లో మూడు ఏసీలు! సదస్సులో ఇండియా పేదల పేరు చెప్పి వాదిస్తుంది, అది న్యాయమైన వాదనే. కాని ఆ పేదల కొంగు చాటున దాక్కునే మన ధనవంతుల మాటేమిటి? 2007లో గ్రీన్‌పీస్ సంస్థ సరిగ్గా ఇదే విషయం మీద నివేదిక తెచ్చింది. తలకి రెండు టన్నులన్నది సగటు లెక్క. నాలా పక్క ఆవిడ అందులో చాలా తక్కువ, మా ఆఫీసు ఆయన చాలా ఎక్కువ. కింది అంతస్తువాళ్ళు అమెరికాలోనే కాదు, మన బంజారాహిల్స్‌లోనూ ఉన్నారు.

2015 గుర్తుందా? ఆ వేసవిలో దేశంలో వడదెబ్బకి 2 వేల మందికి పైగా చనిపోతే, వాళ్ళలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్ళే. కూలీలు, వృద్ధులు, ఎండన పడి తిరగక తప్పనివాళ్ళు. అదే ఏడాది డిసెంబరులో పారిస్‌లో చప్పట్ల మధ్య ఒప్పందం కుదిరింది. ఆ చప్పట్లు ఆ ఇళ్ళదాకా వినిపించాయా?

బొగ్గు సంగతీ అంతే. 2021లో గ్లాస్గో సదస్సు ఆఖరి గంటలో, బొగ్గుతో కరెంటు తయారీని ‘ఎత్తివేద్దాం’ అన్న మాటని ‘తగ్గిద్దాం’ అని మార్పించింది ఇండియా. సదస్సు అధ్యక్షుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ప్రపంచం మనల్ని తిట్టింది. కాని సింగరేణి బొగ్గు మీద, రామగుండం కరెంటు మీద ఎన్ని వేల కుటుంబాలు బతుకుతున్నాయో మనకి తెలుసు. బొగ్గు ఆగాలి, ఆగక తప్పదు. ఆగేనాటికి గోదావరిఖనిలో, కొత్తగూడెంలో ఆ ఇల్లాలు పొయ్యి మీద ఏం పెడుతుందో కూడా అదే కాగితంలో రాయాలి.

దూరాన ఎక్కడో జరిగే ఏర్పాట్లు మన కరెంటు బిల్లు దాకా ఎలా వస్తాయో బషీర్‌బాగ్‌కి ఒకరు చెప్పనక్కర్లేదు. 2000 ఆగస్టు 28న, ఆ వరద వచ్చిన నాలుగు రోజులకే, కరెంటు చార్జీల పెంపుని వ్యతిరేకిస్తూ అసెంబ్లీ వైపు వస్తున్న ఊరేగింపు మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురి ప్రాణాలు పోయాయి. ఆ పెంపు వెనక ప్రపంచ బ్యాంకు అప్పుతో మొదలుపెట్టిన విద్యుత్ సంస్కరణలున్నాయి. రేపు పొగలేని కరెంటుకి మారడానికయ్యే ఖర్చు కూడా ఇలాగే చిన్న ఇంటి బిల్లులోకి వచ్చి కూర్చుంటే? ఇప్పుడే అడగాలి ఆ ప్రశ్న.

అడగడం మనకి తెలుసు

‘ఇంత పెద్ద వ్యవహారంలో మనమేం చెయ్యగలం?’ అని నిరాశ పడనక్కర్లేదు. పసిఫిక్ ద్వీపాల విద్యార్థులు కొందరు 2019లో ఒక ఆలోచన చేశారు. వాతావరణాన్ని కాపాడటం దేశాల బాధ్యతా కాదా, అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడుగుదామని. వనువాటు ప్రభుత్వం వాళ్ళ మాట అందుకుంది. 2025 జూలైలో న్యాయస్థానం తన అభిప్రాయం చెప్పింది. బాధ్యతే, తప్పించుకుంటే జవాబు చెప్పుకోవలసిందే అంది. క్లాసురూములో పుట్టిన ప్రశ్న అంతదూరం వెళ్ళింది.

మన దగ్గర జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు దశాబ్దాలుగా జొన్న, కొర్ర, సామ, పప్పులు కలిపి ఒకే చేనులో పండిస్తున్నారు. ఒక పంట పోయినా ఇంకోటి నిలబెడుతుంది. విత్తనం వాళ్ళ ఇళ్ళలోనే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ వాళ్ళకి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. సదస్సుల్లో ‘తట్టుకునే శక్తి’ అని పెద్ద పెద్ద ఉపన్యాసాలిచ్చేది ఈ పని గురించే!

కాబట్టి అమ్మలూ అక్కలూ, ఈసారి కార్పొరేటర్ ఓట్లకి వచ్చినప్పుడు నాలా సంగతి అడగండి. వరద సాయం జాబితాలో అద్దెకున్నవాళ్ళ పేర్లు ఎక్కుతాయా లేదా అడగండి. ఎండల్లో బయట పనిచేసే ఆడవాళ్ళకి నీడా, మంచినీళ్ళూ, మరుగుదొడ్డీ ఎక్కడ అని అడగండి. విదేశాల నుంచి వాతావరణం పేరుతో వచ్చే సొమ్ములో మన బస్తీ వాటా ఎంత అని ఎమ్మెల్యేనీ ఎంపీనీ అడగండి. పొదుపు సంఘంలో పది రూపాయల తేడా వస్తే పుస్తకం తెరిచేదాకా వదలని మనం, ఇంత పెద్ద లెక్కని ఎందుకు వదిలిపెట్టాలి?

విందు తిన్నవాళ్ళు ఎవరో, ఎన్ని వడ్డనలు తిన్నారో ఇప్పుడు అందరికీ తెలుసు. విస్తళ్ళు ఎత్తే పనిలో మనమూ ఓ చెయ్యి వేద్దాం, కాదనొద్దు. కాని తిన్నవాళ్ళని కూడా కొంగు బిగించి లేవమందాం.